సిసిలీ తీరంలో చెఫలూ: రెండు రాత్రులకు ఇలా ప్లాన్ చేసుకోండి

ఇటలీ అనగానే మనవాళ్ల జాబితాలోకి రోమ్, వెనిస్, ఫ్లోరెన్స్ వరసగా వచ్చేస్తాయి. ఆ మూడూ తిరిగి కాళ్లు లాగేశాక రెండు రోజులు సముద్రం పక్కన పడి ఉండాలనిపిస్తే ఇటలీ దక్షిణ కొసన ఉన్న సిసిలీ ద్వీపం ఉత్తర తీరంలో చెఫలూ అనే చిన్న ఊరుంది. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఊరి నెత్తిన నిలబడ్డ పెద్ద కొండ, మధ్యలో ఇరుకు సందులు. గ్రీకులో 'తల' అనే అర్థమున్న మాట నుంచి ఈ పేరు వచ్చిందంటారు. కొండను చూస్తే నిజమే అనిపిస్తుంది.

చాలామంది పొద్దున సిసిలీ రాజధాని పలెర్మో నుంచి వచ్చి సాయంత్రం రైలుకు వెళ్లిపోతారు. మీరు మాత్రం అలా చేయకండి. ఈ ఊరు బాగుండేదే ఆ రైలు వెళ్లిపోయాక.

1. ముందు నెల తేల్చుకోండి

జూన్ లేదా సెప్టెంబర్ ఎంచుకోండి. రెండింట్లో నా ఓటు సెప్టెంబర్‌కే. వేసవంతా కాగిన నీళ్లు అప్పటికింకా 25 డిగ్రీల దగ్గరే ఉంటాయి, జనం మాత్రం తగ్గిపోతారు. మే నెలలో ఎండ చూసి మోసపోవద్దు. నీళ్లు 18, 19 డిగ్రీల్లో ఉంటాయి కాబట్టి మోకాలి లోతు దిగేసరికే వెనక్కి వచ్చేస్తారు.

ఆగస్టు 15 ఇటలీలో పెద్ద సెలవు. ఆ వారంలో ఇసుకలో తువ్వాలు పరిచే చోటు కూడా దొరకదు. ఆగస్టులోనే వెళ్లక తప్పకపోతే 6వ తేదీకి అక్కడ ఉండేలా చూసుకోండి. ఊరి పండుగ చివరి రోజున పాత రేవు దగ్గర సముద్రం మీదికి అడ్డంగా ఒక పొడవాటి దుంగ కట్టి, దానికి జిడ్డు పూస్తారు. కుర్రాళ్లు దాని మీద జారుకుంటూ చివరనున్న జెండా అందుకోవాలి. మన ఉట్టి కొట్టే సరదానే, కాకపోతే ఇక్కడ పడితే నీళ్లలో పడతారు.

2. వీసా, టికెట్లు

కావాల్సింది షెన్‌గెన్ వీసా, అంటే యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసా. పెద్దవాళ్లకు ఫీజు 90 యూరోలు. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. వేసవిలో అపాయింట్‌మెంట్లు దొరకడమే కష్టం, అందుకని రెండు మూడు నెలల ముందే మొదలుపెడితే టెన్షన్ ఉండదు. 30,000 యూరోల వైద్య ఖర్చులకు సరిపడే ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి.

హైదరాబాద్ నుంచి పలెర్మోకు నేరుగా విమానం లేదు. రోమ్‌లోనో మిలాన్‌లోనో మారాలి.

3. పలెర్మో నుంచి రైలెక్కండి

పలెర్మో విమానాశ్రయం పలెర్మో నగరానికి దాదాపు 35 కిలోమీటర్ల దూరం. అక్కడి నుంచి రైల్లో పలెర్మో సెంట్రాలే స్టేషన్‌కు వచ్చి, మెస్సీనా వైపు వెళ్లే రైలు ఎక్కితే సుమారు గంటలో చెఫలూ. ఎడమ పక్క కిటికీ దగ్గర కూర్చోండి, సముద్రం అటే ఉంటుంది.

కాగితం టికెట్ కొంటే, ఎక్కే ముందు ప్లాట్‌ఫాం దగ్గరుండే చిన్న మెషీన్‌లో దూర్చి తేదీ, టైము ముద్ర వేయించుకోవాలి. జేబులో టికెట్ ఉంది కదా అని ధీమాగా కూర్చుంటే జరిమానా పడుతుంది. మొదటిసారి నాకు ఈ సంగతి తెలియక, పక్క సీటులోని పెద్దావిడ సైగలు చేసి చెబితే రైలు కదిలే లోపు పరిగెత్తుకెళ్లి వేయించుకున్నాను.

కారు అద్దెకు తీసుకోవాల్సిన పని లేదు. పాత ఊరి సందుల్లోకి బయటి కార్లకు అనుమతి ఉండదు, తెలియక దూరితే కెమెరా ఫొటో తీస్తుంది, జరిమానా ఆ తర్వాత ఎప్పుడో వస్తుంది. స్టేషన్ నుంచి పాత ఊరికి నడిస్తే పది, పన్నెండు నిమిషాలు.

4. గది పాత ఊళ్లోనే తీసుకోండి

బుక్ చేసే ముందు రెండు ప్రశ్నలు అడగండి: ఎన్నో అంతస్తు, లిఫ్ట్ ఉందా? పాత ఇళ్లలో సాధారణంగా ఉండదు. 23 కిలోల సూట్‌కేసు ఇరుకు మెట్ల మీద మోస్తుంటే సముద్రం గుర్తుకు రాదు. దారులన్నీ రాళ్లు పరిచినవి కాబట్టి చక్రాల పెట్టె చప్పుడుకు వీధి వీధంతా మీ రాకను తెలుసుకుంటుంది. గది అద్దెకు తోడు పర్యాటక పన్ను అని తలకింత విడిగా అడుగుతారు, అది మోసం కాదు.

5. రోజును ఎండను బట్టి విడగొట్టుకోండి

పొద్దున్నే కొండెక్కండి. 'లా రోక్కా' అంటారు, ఎత్తు సుమారు 270 మీటర్లు. తిరుమల మెట్లు ఎక్కినవాళ్లకు లెక్కే కాదు గానీ దారి పొడవునా నీడ తక్కువ, రాళ్లు అరిగి నున్నగా ఉంటాయి. చెప్పులు వద్దు, బూట్లు వేసుకోండి. మనిషికో లీటరు నీళ్లు పట్టుకెళ్లండి. ప్రవేశానికి టికెట్ ఉంది. వాన వచ్చినా, గాలి ఎక్కువున్నా మూసేస్తారు. సగం దారిలో డయానా గుడి అని పిలిచే ప్రాచీన రాతి కట్టడం కనిపిస్తుంది, పైన పాత కోట గోడలు. అక్కడి నుంచి కిందికి చూస్తే ఊరంతా పెంకుల కప్పులు, వాటి మధ్య చర్చి జంట గోపురాలు.

మధ్యాహ్నం ఒంటిగంట దాటితే చిన్న దుకాణాలు షట్టర్లు దించేస్తాయి. సాయంత్రం నాలుగింటికి గానీ తెరవరు. ఈ టైములో చూడాల్సింది ఊరి పాత చాకిరేవు, లవతోయో. వీధి మట్టం నుంచి మెట్లు దిగి కిందికి వెళితే, గోడకు బిగించిన ఇనుప సింహం తలల నోళ్లలోంచి నీళ్లు ధారగా పడుతుంటాయి. వాటి ముందు రాతి తొట్లు, తొట్టి అంచునే ఏటవాలు బండ. ఆ బండ మీద చెయ్యి పెట్టి చూడండి, తరతరాల బట్టల రాపిడికి సబ్బుబిళ్లంత నున్నగా అరిగింది. బయట ఎండ మండిపోతున్నా లోపల చల్లగా ఉంటుంది. నీళ్ల చప్పుడు తప్ప ఏమీ వినబడదు. టికెట్ లేదు. చాలామంది ఫొటో తీసుకుని రెండు నిమిషాల్లో పైకెక్కేస్తారు, మీరు కాసేపు మెట్ల మీద కూర్చోండి.

తర్వాత పెద్ద చర్చి. సిసిలీని ఏలిన నార్మన్ రాజు రెండో రోజర్ 1131లో కట్టించడం మొదలుపెట్టాడు. తుఫానులో చిక్కి ఈ తీరానికి క్షేమంగా చేరినందుకు మొక్కు తీర్చుకున్నాడని కథ. లోపల గర్భాలయం పైన, బంగారు రంగు నేపథ్యంలో చిన్న రంగు ముక్కలు అతికించి చేసిన క్రీస్తు భారీ మొజాయిక్ చిత్రం 1148 నాటిది. చేతిలోని పుస్తకాన్ని గమనించండి: ఒక పేజీ గ్రీకు, ఇంకో పేజీ లాటిన్. 2015లో యునెస్కో ఈ చర్చిని పలెర్మో కట్టడాలతో కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలుంటేనే లోపలికి వెళ్లండి. చున్నీ ఒకటి బ్యాగులో ఉంటే చాలు.

6. బీచ్‌కి సాయంత్రం వెళ్లండి

బీచ్ పాత ఊరి గోడ దగ్గరే మొదలై పడమటికి సాగుతుంది. మెత్తటి ఇసుక. రంగు గొడుగులు వరసగా ఉన్న చోటు ప్రైవేటు వాళ్లది, గొడుగుకీ పడక కుర్చీకీ డబ్బు కట్టాలి. ముందు వరసకు రేటు ఎక్కువ. గొడుగులు లేని భాగం అందరిదీ, 'స్పియాజ్జా లీబెరా' అని అడిగితే చూపిస్తారు. సాయంత్రానికి గొడుగుతో పనే ఉండదు, తువ్వాలు పరుచుకుంటే సరిపోతుంది.

విశాఖ ఆర్కే బీచ్‌లో అలలంటే భయపడ్డవాళ్లు ఇక్కడ ఆశ్చర్యపోతారు. మధ్యధరా సముద్రంలో ఆటుపోట్లు దాదాపు తెలియవు. గాలి లేని రోజున నీళ్లు చెరువులా ఉంటాయి, చాలా దూరం నడుము లోతే. ఉప్పు మాత్రం మన బంగాళాఖాతం కంటే ఎక్కువ. తేలడం తేలికే గానీ కళ్లు మండుతాయి. అలాగని నిర్లక్ష్యం వద్దు, ఎర్రజెండా ఎగరేస్తే దిగకండి. రాళ్ల వైపు వెళ్లేటప్పుడు నీళ్లలో నడిచే రబ్బరు బూట్లు వేసుకోండి, ముళ్ల బంతుల్లాంటి సముద్రపు జీవులు కాళ్లలో గుచ్చుకుంటాయి.

జీన్స్‌తో నీళ్లలో దిగే అలవాటు అక్కడ వదిలేయండి. లెగ్గింగ్స్, టీషర్ట్‌తో దిగినా ఎవరూ ఏమీ అనుకోరు. మీరు కూడా ఎవరివైపూ ఫోన్ తిప్పకండి.

పొద్దు వాలేటప్పుడు ఎండ నేరుగా పాత ఇళ్ల గోడల మీద పడి అవి తేనె రంగులోకి మారతాయి. నీళ్లలోనే నిలబడి వెనక్కి తిరిగి చూడాల్సిన టైము అది.

7. ఏం తినాలి

శాకాహారులకు సిసిలీలో పస్తులుండే అవసరం లేదు, వంకాయ వీళ్లకూ ప్రాణమే. 'పాస్తా అల్లా నోర్మా' అంటే వంకాయ, టమాటా, ఉప్పు చీజ్. 'కపొనాటా'లో వంకాయ ముక్కలు పుల్లగా, తియ్యగా ఉంటాయి, మన పులుసు కూరకు దూరపు చుట్టం. 'పనెల్లె' అచ్చం శనగపిండే, ముక్కలుగా కోసి నూనెలో వేయిస్తారు. కారం వెతక్కండి, ఉండదు. పచ్చడి సీసా మీ ఇష్టం.

'అరంచీనా' అనే వేయించిన అన్నం ఉండల దగ్గర జాగ్రత్త. వెన్నది అని చెప్పే దాంట్లో కూడా మామూలుగా పంది మాంసం ముక్కలు ఉంటాయి. 'సెంజా కార్నె, సెంజా పెషె' అంటే మాంసం, చేప వద్దని. ఈ ఒక్క వాక్యం నేర్చుకుంటే చాలు. బిల్లులో 'కొపెర్తో' అని కనిపిస్తే అది టేబుల్ దగ్గర కూర్చున్నందుకు మనిషికింత.

పొద్దున టిఫిన్‌కి మాత్రం గ్రనీటా (గరుకుగా గడ్డకట్టించిన తియ్యటి ఐసు), బ్రియోష్ అనే మెత్తటి బన్ను తీసుకోండి. బాదం గ్రనీటాలో బన్ను ముంచుకు తినడం అక్కడి పద్ధతి. బన్నులో గుడ్డు ఉంటుంది, తిననివాళ్లు ఉత్త గ్రనీటా అడగొచ్చు.

తిరుగు విమానం తెల్లవారుజామునే అయితే చివరి రాత్రి చెఫలూలో ఉండకండి. మొదటి రైలు పట్టుకుని, పలెర్మోలో మారి విమానాశ్రయానికి వెళ్లేసరికి రెండు గంటలు దాటిపోతుంది. ముందురోజు సాయంత్రం ఈత ముగించుకుని, తడి తువ్వాలు ప్లాస్టిక్ కవర్లో చుట్టుకుని పలెర్మో రైలెక్కేయండి. ఈసారి సముద్రం కుడి పక్కన ఉంటుంది.