సిరోంచ పొలాల్లో సిఫ్: ఉపగ్రహం లెక్కను నేల మీద సరిచూసే పద్ధతి

ఆకు పీల్చుకున్న వెలుగులో కొద్ది భాగాన్ని పత్రహరితం మళ్లీ బయటికి వదిలేస్తుంది. దాన్నే సిఫ్ (సూర్యకాంతి వల్ల పుట్టే పత్రహరిత ప్రతిదీప్తి) అంటారు. సెంటినెల్-5పీ ఉపగ్రహం మీది ట్రోపోమి అనే పరికరం దాన్ని కొలుస్తుంది. 2019 ఆగస్టు నుంచి దాని పిక్సెల్ (ఒక్క కొలతలో పడే నేల ముక్క) దారి నడిమధ్యన 5.5 × 3.5 కిలోమీటర్లు, అంటే సుమారు 4,750 ఎకరాలు. పైరుకు 3 మీటర్ల ఎత్తున 25 డిగ్రీల చూపు వెడల్పుతో నేరుగా కిందికి చూసే నేల పరికరం ఫైబర్‌కు (వెలుగును పట్టే సన్నని గాజు తీగకు) కనిపించేది 1.3 మీటర్ల వలయమే. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని సిరోంచ దగ్గర ఒక్క పిక్సెల్‌లోనే ప్రాణహిత నది ఇసుక, వరి, పత్తి, టేకు అడవి అన్నీ పడొచ్చు. పరికరం ఎంత మంచిదైనా చోటు తప్పితే పని చెడినట్టే.

అందుకే మొదట సెంటినెల్-2 అనే మరో ఉపగ్రహం బొమ్మ తీసుకోండి. 10 మీటర్ల ప్రతి గడికీ ఎన్‌డీవీఐని (పచ్చదనం సూచికను) దగ్గరి పరారుణ పరావర్తనంతో గుణిస్తే ఎన్ఐఆర్‌వీ, అంటే పైరు నుంచి తిరిగొచ్చే పరారుణ వాటా, వస్తుంది. నదికి దూరంగా, ఈ విలువ ఎక్కువ మారని పట్టీలో పరికరానికి గుంజ పాతండి. టేకు అడవిలో టవర్ కట్టాలన్న ఆశ వద్దు. ఎత్తు పెరిగేకొద్దీ పైరుకూ ఫైబర్‌కూ మధ్య గాలిలోని ఆక్సిజన్ కూడా 760 నానోమీటర్ల దగ్గర వెలుగు మింగుతుంది, దానికి వేరే సవరణ కావాలి. వరికీ పత్తికీ 3 మీటర్లు చాలు.

స్పెక్ట్రోమీటర్ (వెలుగును తరంగదైర్ఘ్యాలుగా విడదీసి కొలిచే పరికరం) 650–800 నానోమీటర్లు చూడాలి, విభేదన (విడివిడిగా చూపగల అతి చిన్న తేడా) 0.3 నానోమీటర్ల దగ్గర ఉండాలి. 760 దగ్గర గాలిలోని ఆక్సిజన్ ఎండను మింగిన చీకటి గీతలోనే సిఫ్‌ను వేరుచేసి చూస్తాం; మామూలు పొలం స్పెక్ట్రోమీటర్లకు ఆ గీత అంత లోతుగా కనిపించదు. రెండు ఫైబర్లు కావాలి: డిఫ్యూజర్ (వెలుగును అన్ని వైపుల నుంచీ కలిపి పట్టే మూత) తొడిగి ఆకాశం వైపు ఒకటి, నేరుగా పైరు వైపు ఒకటి. పైరు నుంచి వచ్చే దగ్గరి పరారుణంలో సిఫ్ వాటా కొన్ని శాతాలే కాబట్టి రెండు ఫైబర్ల మధ్య కాలిబ్రేషన్ (కొలతల సరిపోలిక) ఒక్క శాతం తప్పినా లెక్క దెబ్బతింటుంది. డిఫ్యూజర్ మీది దుమ్ము చేసేది కూడా ఇదే. వారానికోసారి తుడవండి, తుడవక ముందూ తర్వాతా రీడింగ్ తీయండి. ఎండాకాలంలో ఇక్కడ డబ్బా లోపల వేడి బాగా ఎక్కుతుంది, డిటెక్టర్‌ను స్థిరంగా చల్లగా ఉంచకపోతే డార్క్ కరెంట్ (వెలుగు లేకున్నా వచ్చే దొంగ సంకేతం) పెరుగుతుంది. చల్లబరిస్తే తేమ పడుతుంది, సిలికా జెల్ మారుస్తూ ఉండండి.

రీడింగ్ వరుస: ఆకాశం, పైరు, మళ్లీ ఆకాశం. రెండు ఆకాశం రీడింగుల మధ్య తేడా రెండు శాతం దాటితే మబ్బు కదిలిందన్నమాట, ఆ జత తీసేయండి. జూన్–సెప్టెంబరులో చాలా జతలు ఇలాగే పోతాయి. అసలు పని అక్టోబరు తర్వాతే.

సున్నా పరీక్ష మాత్రం మానొద్దు. ఎండిన వట్టి నేల మీదో తెల్ల ప్యానెల్ మీదో కొలిస్తే సిఫ్ సున్నాకు అటూ ఇటూ తిరగాలి. ఎప్పుడూ ఒకే వైపు ఒరిగితే తప్పు పరికరంలో ఉంది. కోత కోసిన నల్లరేగడిలో కలుపు మొలిచి ఉంటే అది కూడా వెలుగు వదులుతుంది, చూసుకోండి.

ఇప్పుడు పోలిక. ట్రోపోమి స్థానిక సౌర కాలం మధ్యాహ్నం 1:30కు వస్తుంది, మన గడియారంలో ఇక్కడ సుమారు 1:40. దారి పక్కకు జరిగిన రోజున ముప్పావు గంట దాకా తేడా రావచ్చు, కాబట్టి ఫైల్‌లోని సమయాన్నే నమ్మండి. ఆ సమయానికి అరగంట అటూ ఇటూ ఉన్న నేల రీడింగులు సగటు చేయండి. వాలుగా చూసిన కొలతలు, మబ్బు వాటా ఎక్కువున్నవి వదిలేయండి. నేల పరికరం 760 నానోమీటర్ల దగ్గర కొలిస్తే, ట్రోపోమి విలువ సాధారణంగా 740 దగ్గరిది. 740 దగ్గర సిఫ్ ఎక్కువ, సుమారు ఒకటిన్నర రెట్లు. ఇది మర్చిపోయి ఉపగ్రహం ఎక్కువ చూపిస్తోందని తేల్చేవాళ్లు ఉన్నారు.

తర్వాత పిక్సెల్ మొత్తం ఎన్ఐఆర్‌వీ సగటును మీ వలయమున్న గడి ఎన్ఐఆర్‌వీతో భాగించి, ఆ నిష్పత్తితో నేల విలువను గుణించండి. దీన్ని పైరు పెరిగేకొద్దీ కొత్త బొమ్మతో తిరగరాయాలి. నాటు వేసినప్పటి నిష్పత్తి ఈనిక వేళకు పనికిరాదు.

ఒక్కో ట్రోపోమి కొలతలో రొద (యాదృచ్ఛిక దోషం) చదరపు మీటరుకు, స్టెరేడియన్‌కు, నానోమీటరుకు 0.5 మిల్లీవాట్ల దగ్గర ఉంటుంది. మధ్యాహ్నం మంచి పైరు సిఫ్ 1–2 మాత్రమే. అందుకే రుణ విలువలు కూడా వస్తాయి. వాటిని చెత్త అనుకుని తీసేస్తే సగటు పైకి పోతుంది. అన్నీ ఉంచి, 16 కొలతలు కలిపితే యాదృచ్ఛిక రొద నాలుగో వంతుకు దిగుతుంది. గ్రాఫ్ గీసేటప్పుడు రెండు అక్షాల్లోనూ దోషం ఉందని గుర్తుంచుకోండి. మామూలు రిగ్రెషన్ (చుక్కల మధ్య గీత కుదిర్చే లెక్క) గీత వాలును తగ్గించి చూపిస్తుంది, దోషాన్ని రెండు వైపులా పంచే పద్ధతి వాడండి.