పగటి శుక్రుణ్ని వెతికే ముందు సూర్యుడి లెక్క

ఈ మధ్య పట్టపగలు శుక్రుడి కోసం తిప్పిన ఒక టెలిస్కోపుకి ఫైండర్ (గురి చూసేందుకు పక్కన బిగించే చిన్న దుర్బిణి) లోపలి గురి తీగ, అంటే క్రాస్‌వైరు, కాలి తెగిపోయింది. ఆ క్షణంలో ఫైండర్ దగ్గర ఎవరి కన్నూ లేదు కాబట్టి సరిపోయింది. గ్రహం ఎక్కడుందో లెక్క వేశారు. సూర్యుడు ఎక్కడున్నాడో వేయలేదు.

కళ్లు పోగొట్టే తప్పు ఇదే. శుక్రుడు సూర్యుడికి 47 డిగ్రీలు, బుధుడు 28 డిగ్రీలు దాటి దూరం పోరు. లెక్క కాస్త తప్పినా గొట్టం తిరిగేది సూర్యుడి వైపే కావచ్చు. రెటీనాకు నొప్పి తెలియదు, కాలిపోయాకే తెలుస్తుంది.

అందుకే గ్రహం స్థానం లెక్కకు వాడే ప్రోగ్రాములోనే, అదే సమయానికి, అదే ఊరికి ముందు సూర్యుడి ఎత్తు (క్షితిజం నుంచి ఎన్ని డిగ్రీల పైన ఉన్నాడో) లెక్కించండి. మీటరు కర్ర నిలువుగా పాతి నీడ కొలవండి. ఎత్తు 45 డిగ్రీలైతే నీడ 100 సెంటీమీటర్లు, 30 అయితే 173. కలవకపోతే గ్రహం జోలికి పోవద్దు.

ఎక్కువగా తప్పేది సమయం దగ్గరే. యూటీ (గ్రీనిచ్ ఆధారంగా ఉండే ప్రపంచ సమయం) అడిగినచోట మన గడియారం టైము ఇస్తే 5:30 గంటల తేడా, అంటే ఆకాశంలో 82.5 డిగ్రీలు. సాయంత్రం 4ని ప్రోగ్రాము రాత్రి 9:30 అనుకుంటుంది, సూర్యుడు అస్తమించాడని చెబుతుంది. నీడేమో కళ్లెదుటే ఉంటుంది! ఉదయం 5:30 లోపైతే యూటీ తేదీ కూడా ముందు రోజుదే. రేఖాంశం గుర్తు చూసుకోండి: కొన్ని పుస్తకాల్లో పడమర ధనాత్మకం. హైదరాబాదు 78.5కి గుర్తు తలకిందుగా ఇస్తే 157 డిగ్రీల తప్పు.

నీడ కలిసినా గ్రహం లెక్క విడిగా తప్పవచ్చు. సూర్యుడికీ గ్రహానికీ మధ్య కోణం తీయండి: రెండు డెక్లినేషన్ల (ఆకాశంలో అక్షాంశం లాంటివి) సైన్ల లబ్ధానికి, వాటి కొసైన్ల లబ్ధాన్ని రైట్ అసెన్షన్ల (ఆకాశంలో రేఖాంశం లాంటివి) తేడా కొసైన్‌తో గుణించి కలిపితే ఆ కోణం కొసైన్ వస్తుంది. రైట్ అసెన్షన్ గంటల్లో ఉంటే డిగ్రీలు రావడానికి ముందు 15తో గుణించండి. శుక్రుడికి 60 డిగ్రీలు వచ్చిందా, లెక్క తప్పు. ఆర్క్‌టాన్ (టాన్ నుంచి కోణం తీసే లెక్క) పాదం, అంటే వృత్తంలో నాలుగో వంతు, మారి ఉండవచ్చు, లేదా సూర్యకేంద్ర స్థానాన్ని (సూర్యుడి నుంచి చూసినది) భూమి నుంచి చూసినట్టు వాడి ఉంటారు. పంచాంగం అంకెలు నిరయనం (నక్షత్రాల్ని బట్టి కొలిచేవి), దాదాపు 24 డిగ్రీల అయనాంశ (ఆ రెండు కొలతల తేడా) కలపందే సాయనం (వసంత విషువత్తు నుంచి కొలిచేది) కాదు. అప్పుడు కూడా అది క్రాంతివృత్తం (ఆకాశంలో సూర్యుడు ఏడాది పొడుగునా తిరిగే దారి) మీది రేఖాంశమే, రైట్ అసెన్షన్ కాదు.

ఇక ఇవి తప్పకుండా:

కోణం 20 డిగ్రీల లోపైతే పగలు వద్దు. శుక్రమౌఢ్యం (శుక్రుడు సూర్యుడికి మరీ దగ్గరగా ఉండే) రోజుల్లో అసలే వద్దు.

బుధుణ్ని సంధ్యలోనే చూడండి. తెల్లవారుజామునైతే సూర్యోదయానికి 10 నిమిషాల ముందే ఆపేయండి.

మధ్యాహ్నం దాటాక మీకు పడమర వైపున్న గోడ నీడలో నిలబడండి. పొద్దు వాలేకొద్దీ నీడ పెరుగుతుంది. ఉదయం మీకు తూర్పున ఉన్న గోడను నమ్మవద్దు, ఆ నీడ తగ్గిపోతుంది. సూర్యుడు ఒక డిగ్రీ కదలడానికి 4 నిమిషాలే.

గోటూ మౌంట్ (టెలిస్కోపును మోటారుతో తానే తిప్పే స్టాండు) తిరుగుతున్నంతసేపూ గొట్టానికి మూత. దారిలో సూర్యుడు తగలవచ్చు.

ఫైండర్‌కూ మూత.

ఐపీస్‌కు (కన్ను పెట్టే కటకానికి) బిగించే సోలార్ ఫిల్టర్ వాడవద్దు, వేడికి పగులుతుంది.

ఫోకస్ ముందురోజు రాత్రే నక్షత్రం మీద సరిచేసి గుర్తు పెట్టుకోండి. ఫోకస్ లేని శుక్రుడు పగలు కనిపించడు. కనిపించలేదని గొట్టాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పవద్దు. మూత పెట్టండి, మళ్లీ సూర్యుడి లెక్క నుంచి మొదలుపెట్టండి.

పిల్లల్ని టెలిస్కోపు దగ్గర ఒంటరిగా వదలవద్దు, నీళ్లు తాగి రావడానికైనా సరే.