కంప్యూటర్‌తో చలనం పాఠం ఎలా చెప్పాలి?

చలనం పాఠంలో పిల్లలకి లెక్కలు పెద్ద అడ్డంకి కాదు. సూత్రాలు బట్టీ పట్టేస్తారు, అంకెలు వేసి జవాబు రాబడతారు. కానీ పైకి విసిరిన బంతి అన్నిటికంటే ఎత్తులో ఉన్న క్షణంలో దాని త్వరణం (వేగం మారే రేటు) ఎంత అని అడిగి చూడండి. చాలామంది సున్నా అనేస్తారు. వేగం సున్నా అయింది కాబట్టి త్వరణం కూడా సున్నాయే అనుకుంటారు. అదే నిజమైతే బంతి గాల్లో అలాగే ఆగిపోవాలి కదా!

ఇలాంటి చిక్కుముళ్ళు విప్పడానికి కంప్యూటర్ చాలా బాగా పనికొస్తుంది. యానిమేషన్ ఒకటి పెట్టేసి "చూడండి" అంటే మాత్రం ప్రయోజనం తక్కువ. ముందు పిల్లల చేత ఊహ చెప్పించాలి, తర్వాత కొలిపించాలి, ఆ తర్వాత లెక్క కట్టించాలి. కంప్యూటర్ ముందు టీచర్ కాకుండా పిల్లలే కూర్చోవాలి.

కావలసినవి తక్కువే. స్ప్రెడ్‌షీట్ పనిచేసే ఏ కంప్యూటరైనా సరే, వీడియో తీసే ఒక ఫోను, ట్రాకర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, ఒక బంతి, ఒక మీటరు బద్ద.

1. ముందు కాగితం మీద ఊహ

ఎవరూ మౌస్ ముట్టుకోకముందే బంతిని ఒకసారి పైకి విసిరి పట్టుకోండి. చేతిని వదిలినప్పటి నుంచి మళ్ళీ చేతిలో పడేదాకా దాని వేగం ఎలా మారిందో గ్రాఫు గీయమనండి. చాలా కాగితాల మీద ఒక కొండ బొమ్మ కనిపిస్తుంది. బంతి పైకెళ్ళి కిందికొచ్చింది కాబట్టి గ్రాఫు కూడా పైకెళ్ళి కిందికి రావాలని వాళ్ళు అనుకుంటారు. గ్రాఫుని దారి బొమ్మలా చదవడం చలనంలో పిల్లలు ఎక్కువగా పడే పొరపాటు. ఆ కాగితాలు దిద్దకండి, పారేయకండి. వాటితో పని ఉంది.

ఈ గందరగోళం తగ్గాలంటే బోర్డు మీద ఒక స్థానం-కాలం గ్రాఫు గీసి, ఒక పిల్లవాడిని దాని ప్రకారం నడవమనండి. అడ్డగీత వచ్చిన చోట ఆగాలి, గీత దాదాపు నిటారుగా ఉన్న చోట గబగబా నడవాలి, గీత దిగుతుంటే వెనక్కి రావాలి. తర్వాత ఇదే ఆటని ఫెట్ (PhET) సిమ్యులేషన్‌లలోని నడిచే మనిషితో ఆడించవచ్చు. ఇవి కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ళు తయారుచేసినవి, ఉచితం. ఈ ప్రాజెక్టుని 2002లో మొదలుపెట్టిన కార్ల్ వీమన్‌కి అంతకు ముందు ఏడాదే భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

2. నిజం బంతిని వీడియో తీయండి

సిమ్యులేషన్‌లో బంతి మనం చెప్పినట్టే వింటుంది. అందుకే పాఠం నిజం బంతితో మొదలవ్వాలి. ఫోనుని కదలకుండా నిలబెట్టి, బంతి కదిలే దారికి ఎదురుగా, కాస్త దూరంగా పెట్టండి. మీటరు బద్ద బంతి కదిలే చోటే నిలబడాలి, వెనక గోడకి ఆనించకూడదు. గోడ దగ్గరి బద్ద కెమెరాకి చిన్నగా కనిపిస్తుంది. దాంతో బంతి నిజంగా వెళ్ళినదానికంటే ఎక్కువ దూరం వెళ్ళినట్టు లెక్క తేలి, గురుత్వ త్వరణం అసలుకంటే పెద్దగా వస్తుంది. వెలుతురు బాగా ఉండాలి. మామూలు వీడియోలో సెకనుకి 30 ఫ్రేములు ఉంటాయి. బంతి సెకనుకి 5 మీటర్ల వేగంతో పోతుంటే ఒక ఫ్రేముకీ తర్వాతి ఫ్రేముకీ మధ్య దాదాపు 17 సెంటీమీటర్లు జరిగిపోతుంది. వెలుతురు తక్కువైతే ఫ్రేములో బంతి కాకుండా ఒక చార కనిపిస్తుంది.

వీడియోని ట్రాకర్‌లో తెరిచి, బద్ద పొడవు ఎంతో చెప్పి, ఒక్కో ఫ్రేములో బంతి మీద క్లిక్ చేసుకుంటూ పోవాలి. ఆటోమేటిక్‌గా చేసే సదుపాయం ఉంది కానీ మొదటిసారి చేత్తోనే చేయించండి. పైకి వెళ్ళేకొద్దీ చుక్కలు దగ్గరవడం క్లిక్ చేసే పిల్లకే ముందు తెలుస్తుంది. చివరికి వేగం గ్రాఫు కొండలా రాదు, పైనుంచి కిందికి దిగే ఒకే వాలు గీతలా వస్తుంది. మధ్యలో సున్నాని దాటి కిందికి పోతుంది తప్ప ఎక్కడా వంగదు. ఇప్పుడు మొదటి కాగితాలు బయటికి తీయించండి.

ఆ గీత వాలే గురుత్వ త్వరణం. అది సరిగ్గా 9.8 రాదు, కాస్త అటూ ఇటూ వస్తుంది. అది తప్పు కాదు. కానీ 0.6 వచ్చిందంటే స్లోమోషన్ పెట్టారని అర్థం. సెకనుకి 120 ఫ్రేములతో తీసిన వీడియోని 30తో ఆడిస్తే కాలం నాలుగింతలు సాగుతుంది. త్వరణంలో కాలం వర్గం అవుతుంది కాబట్టి జవాబు పదహారో వంతుకి పడిపోతుంది. ట్రాకర్‌కి అసలు ఫ్రేము రేటు చెబితే సరిపోతుంది.

3. స్ప్రెడ్‌షీట్‌లో బంతిని మీరే ఎగరేయండి

నా దృష్టిలో మొత్తం పాఠానికి గుండెకాయ ఇదే. టైము లేక ఏదైనా వదిలేయాల్సి వస్తే సిమ్యులేషన్లు వదిలేయండి గానీ దీన్ని వదలకండి.

మూడు కాలమ్‌లు పెట్టండి: కాలం, వేగం, ఎత్తు. మొదటి వరుసలో 0, 20, 0 రాయండి. అంటే బంతిని సెకనుకి 20 మీటర్ల వేగంతో పైకి విసిరామన్నమాట. రెండో వరుసలో ఒక్కో గడికి ఒక్కో నియమం. కాలం: పై గడికి 0.1 కలపాలి. వేగం: పై గడిలోంచి 0.98 తీసెయ్యాలి, ఎందుకంటే 9.8 ని 0.1 తో గుణిస్తే వచ్చేది అదే. ఎత్తు: పై గడికి, పై వరుసలోని వేగాన్ని 0.1 తో గుణించి కలపాలి. ఈ వరుసని పట్టుకుని కిందికి లాగితే బంతి ఎగిరి దిగుతుంది. ఏ సూత్రమూ బట్టీ పట్టక్కర్లేదు.

ఇప్పుడు వేగం కాలమ్‌లో రెండు సెకన్ల దగ్గర ఆగండి. 0.40 కనిపిస్తుంది, దాని కింద మైనస్ 0.58. ఈ రెండిటి మధ్యే ఎక్కడో బంతి అన్నిటికంటే పైన ఉంది. అక్కడ కూడా ఒక వరుసకీ ఇంకో వరుసకీ తేడా అదే 0.98. పైన త్వరణం సున్నా అన్న పిల్లల్ని ఈ రెండు గడుల మీద వేలు పెట్టి చెప్పమనండి. చాలామంది అక్కడికక్కడే మాట మార్చుకుంటారు.

ఒక చిక్కు ఉంది. షీట్‌లో గరిష్ఠ ఎత్తు 21.42 మీటర్లు వస్తుంది, పుస్తకంలోని సూత్రం మాత్రం 20.41 అంటుంది. ఏది తప్పో మీరు చెప్పేయకండి. 0.1 బదులు 0.01 పెట్టి చూడమనండి (అప్పుడు 0.98 కూడా 0.098 అవుతుంది), 20.51 వస్తుంది. అడుగు, అంటే ఒక వరుసకీ తర్వాతి వరుసకీ మధ్య కాలం, చిన్నదయ్యేకొద్దీ జవాబు సూత్రానికి దగ్గరవుతోంది. అడుగు మొదట్లో ఉన్న వేగమే అడుగంతా ఉన్నట్టు లెక్క వేశాం, నిజానికి అది మధ్యలో తగ్గుతూనే ఉంది. పై వేగం, కింది వేగం సగటు తీసి వాడితే 0.1 తోనే లెక్క సరిగ్గా వస్తుంది. కలనగణితం చదవని పిల్లలకి కూడా దాని అసలు ఆలోచన ఇక్కడ చేతికందుతుంది.

4. గాలిని కలపండి

పుస్తకం "గాలి నిరోధాన్ని వదిలేద్దాం" అని తప్పుకునే చోట కంప్యూటర్ తప్పుకోనక్కర్లేదు. త్వరణానికి ఇంకో కాలమ్ పెట్టండి. అందులో మైనస్ 9.8 లోంచి, 0.02 ని వేగంతోనూ వేగం పరిమాణంతోనూ (మైనస్ గుర్తు తీసేసిన వేగంతో) గుణించి వచ్చిన దాన్ని తీసెయ్యాలి. వేగం గడిలో 0.98 తీసే బదులు ఈ త్వరణాన్ని అడుగుతో గుణించి కలపాలి. అడుగు 0.01 ఉంచండి. ఫలితం చూపించే ముందు పందెం వేయించండి: గాలి ఉన్నప్పుడు బంతి పైకెళ్ళడానికి ఎక్కువసేపు పడుతుందా, దిగడానికా? రెండూ సమానమని వాదించేవాళ్ళు చాలామంది ఉంటారు. షీట్‌లో ఎక్కడానికి 1.7 సెకన్లు, దిగడానికి 1.8 సెకన్లు వస్తాయి. ఎక్కేటప్పుడు గాలి, గురుత్వం రెండూ కిందికే లాగుతాయి. దిగేటప్పుడు గాలి ఎదురు తిరుగుతుంది. ఎత్తు కూడా 15 మీటర్ల దగ్గరే ఆగిపోతుంది.

గాలి కాలమ్ తీసేసి 9.8 బదులు 1.62 పెడితే చంద్రుడి మీదికి వెళ్ళిపోయినట్టే. 1971లో అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ అక్కడ సుత్తిని, ఈకని కలిపి వదిలితే రెండూ ఒకేసారి నేలకి చేరాయి. 1.6 మీటర్ల ఎత్తు నుంచి వదిలితే ఎంతసేపు పడుతుందో షీట్‌ని అడగండి, 1.4 సెకన్లు అంటుంది. ఆ వీడియోలో కాలం కొలిచి పోల్చుకోవచ్చు.

5. పరీక్ష కూడా షీట్‌తోనే

ప్రశ్నపత్రం కంటే తప్పు పెట్టిన షీట్ ఇవ్వడం మేలు. ఉదాహరణకి గాలి నిరోధంలో వేగం దిశ పట్టించుకోకుండా ఉత్త వర్గం వేసి ఇవ్వండి. బంతి పైకి బాగానే వెళ్తుంది. దిగేటప్పుడు మాత్రం గాలి ఆపాల్సింది పోయి కిందికి తోస్తుంది, వేగం అదుపు లేకుండా పెరిగిపోతుంది. పిల్లలు ముందు గ్రాఫు చూసి ఏ క్షణం నుంచి తేడా వచ్చిందో చెప్పాలి, తర్వాత ఏ గడిలో తప్పుందో పట్టుకోవాలి. ఇద్దరిద్దరికి ఒక కంప్యూటర్ ఇచ్చి, ఐదు నిమిషాలకోసారి మౌస్ చేతులు మార్పించండి.