ముసురు పట్టే ఊళ్లలో సోలార్‌తో కరెంటు బిల్లు తగ్గించుకోవడం ఎలా?

దక్షిణ ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు జూన్ నుంచి అక్టోబరు దాకా ఎండను నమ్ముకోలేం. మన వైపు సోలార్ దండగ అనే మాట అందుకే పుట్టింది. ఆ మాట తప్పు. ఒక కిలోవాటు ప్యానెళ్లు మార్చి, ఏప్రిల్‌లలో రోజుకు నాలుగున్నర నుంచి ఐదు యూనిట్లు ఇస్తాయి. జూలై, ఆగస్టుల్లో రెండు, రెండున్నర. ముసురు రోజున ఒక్కటి వస్తే చాలు. ఏడాదికి కిలోవాటుకు 1,300 యూనిట్లని ధైర్యంగా లెక్క వేసుకోవచ్చు. డబ్బు పోయేది మబ్బు వల్ల కాదు, నీడ వల్ల.

ముందు పన్నెండు నెలల బిల్లులు తీయండి. ఒక్క ఏప్రిల్ బిల్లు చూసి సైజు ఖాయం చేయొద్దు. ఏడాదికి 2,400 యూనిట్లు కాలుస్తుంటే 1,300తో భాగించండి, 2 కిలోవాట్లు సరిపోతాయి. అంతకు మించి ఎవరు చెప్పినా వద్దు. ఎండాకాలంలో గ్రిడ్‌కు, అంటే కరెంటు లైనుకు, పంపిన యూనిట్లు నెట్ మీటరు (తీసుకున్నవీ పంపినవీ రెండూ లెక్కపెట్టే మీటరు) ద్వారా వానాకాలం బిల్లులో తగ్గుతాయి గానీ ఆ లెక్క మార్చితో ముగుస్తుంది. మిగిలిన వాటికి మనం కొనే ధర రాదు. అందుకే ఈ కొత్త మీటరు ఏప్రిల్ మొదటికల్లా బిగించేలా చూసుకోండి.

దరఖాస్తు పీఎం సూర్యఘర్ పోర్టల్‌లో చేయాలి. ఆ తర్వాత మీటరు పని మన కరెంటు కంపెనీ టీపీఎస్‌ఓడీఎల్‌ది. కేంద్ర సబ్సిడీ 2 కిలోవాట్లకు 60,000 రూపాయలు, 3 గానీ ఆపైన గానీ అయితే 78,000. దేశంలోనే తయారైన, డీసీఆర్ అనే రకం ప్యానెళ్లకే అది వస్తుంది. 550 వాట్ల ప్యానెళ్లు నాలుగు, 2 కిలోవాట్ల ఆన్‌గ్రిడ్ (గ్రిడ్‌తో కలిసి పనిచేసే) ఇన్వర్టరు, జింకు పూత స్టాండు, ఏసీకి, డీసీకి, పిడుగు కడ్డీకి వేర్వేరుగా మూడు ఎర్త్ గుంతలు. సామాను ఇంతే. బ్యాటరీ వద్దు, మిగిలే డబ్బంతా అదే తినేస్తుంది. కరెంటు పోయినప్పుడు ఆన్‌గ్రిడ్ ఇన్వర్టరు కూడా ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసేవాళ్ల ప్రాణాల కోసం అది ఆగాల్సిందే. అప్పటికి ఫ్యాన్లకు ఇంట్లో ఉన్న పాత ఇన్వర్టరు చాలు.

ఇక నీడ. చాలా ఇళ్లలో పని చెడేది ఇక్కడే, కాబట్టి తొందరపడకండి.

ప్యానెల్‌లో సెల్స్ వరుసగా కలిపి ఉంటాయి. ఒక సెల్ మీద నీడ పడితే, పైపును ఒకచోట నొక్కినట్టు, ఆ వరుస మొత్తంలో కరెంటు తగ్గుతుంది. మబ్బు అలా చేయదు, అన్ని సెల్స్‌కూ సమానంగా వెలుగు తగ్గిస్తుంది. అందుకే ఎండ బాగా కాసే శీతాకాలంలోనే కొబ్బరాకు, డిష్ యాంటెన్నా, నీళ్ల ట్యాంకు ఎక్కువ నష్టం చేస్తాయి. చాలామంది ఏప్రిల్ మధ్యాహ్నం డాబా ఎక్కి, నీడ లేదని చూసి స్టాండు బిగించేస్తారు. చూడాల్సింది డిసెంబరు నెలలో, ఉదయం 9కి, మధ్యాహ్నం 3కి. ఆ వేళల్లో మన దగ్గర నీడ వస్తువు ఎత్తుకు దాదాపు 1.8 రెట్లు ఉంటుంది. ఉదయం వాయవ్యానికి, సాయంత్రం ఈశాన్యానికి పడుతుంది. 30 అడుగుల కొబ్బరి చెట్టు నీడ 54 అడుగులు సాగుతుంది. డిసెంబరు దాకా ఆగలేకపోతే ఈ లెక్కతో డాబా మీద సుద్దముక్కతో గీతలు గీసి, వాటికి అవతలే స్టాండు పెట్టండి.

దక్షిణపు పిట్టగోడ మూడడుగులుంటే ప్యానెల్ కింది అంచు కూడా ఆ ఎత్తుకు లేవాలి, లేదా గోడకు నాలుగడుగులు ఎడంగా ఉండాలి. రెండూ కుదరకపోతే ప్యానెల్‌ను అడ్డంగా, పొడుగు అంచు గోడ వైపు ఉండేలా పరచండి. కింది అంచున నీడ పడితే మూడో వంతే పోతుంది. నిలువుగా పెడితే హాఫ్‌కట్ (సెల్స్‌ను సగానికి కోసి చేసిన) ప్యానెల్‌లో సగం పోతుంది, పాత రకంలో దాదాపు మొత్తం పోతుంది. ట్యాంకు ఎప్పుడూ ప్యానెళ్లకు ఉత్తరానే ఉండాలి.

వాలు 12 డిగ్రీలు, ముఖం దక్షిణానికి. పుస్తకాలు అక్షాంశం ప్రకారం 19 అంటాయి. మే మూడో వారం నుంచి జూలై చివరి దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు నడినెత్తి దాటి కాస్త ఉత్తరాన ఉంటాడు. పైగా మబ్బు పట్టిన రోజు వెలుగు ఆకాశం నలుమూలల నుంచీ వస్తుంది, ప్యానెల్ ఎంత వాలితే అంత తక్కువ ఆకాశం చూస్తుంది. ఏడాది మొత్తంలో తేడా స్వల్పమే గానీ తక్కువ వాలుకు గాలి దెబ్బ తక్కువ. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను గజపతి జిల్లాను ఏం చేసిందో తెలిసినవాళ్లెవరూ ఎత్తైన స్టాండు కోరుకోరు. అలాగని 10 డిగ్రీలకు తగ్గితే కింది ఫ్రేము దగ్గర నీళ్లు నిలిచి, బురద పేరుకుని, పాచి పడుతుంది. అదీ నీడే.

వానాకాలంలో కడగక్కర్లేదు, ఆ కింది అంచు మాత్రం తుడవండి. నవంబరు నుంచి పదిహేను రోజులకోసారి, తెల్లవారుజామున, మామూలు నీళ్లతో, మెత్తటి గుడ్డతో కడగండి. ఎండకు కాలిన అద్దం మీద చల్లటి నీళ్లు పోస్తే పగిలే ప్రమాదముంది. ఇన్వర్టరు యాప్‌లో రోజు లెక్క రాసుకోండి. ఎండ బాగున్న రోజున కిలోవాటుకు మూడు యూనిట్లు దాటకపోతే డాబా ఎక్కి కొత్తగా ఏ కొమ్మ అడ్డు వచ్చిందో వెతకండి.