ఛాంబర్‌లో ఇరుక్కునే థర్టీ-థర్టీ తూటాలు: నా అనుభవం

పెన్సిల్వేనియాలో జింకల సీజన్ వస్తే లీవర్ రైఫిళ్లు (కింది పిడిని దించి ఎత్తితే తూటా ఎక్కే తుపాకులు) ఇప్పటికీ బయటికొస్తాయి. నాది వించెస్టర్ మోడల్ 94, తూటా 1895లో వచ్చిన థర్టీ-థర్టీ. తూటా అంటే ఇత్తడి కేసు, లోపల మందు, ముందు బుల్లెట్. కాల్చాక మిగిలిన ఖాళీ కేసులు దాచి ఇంట్లోనే మళ్లీ నింపుకుంటాను.

ఈసారి కొన్ని తూటాలు ఛాంబర్‌లో (తుపాకిలో తూటా కూర్చునే చోట) ఇరుక్కుని లీవర్ పూర్తిగా మూసుకోలేదు. వేలితో తడిమితే కేసు మెడ కింద, అది సన్నబడే భుజం దగ్గర సన్నటి ఉబ్బు. ముందు డైని (కేసుని నొక్కే అచ్చుని) అనుమానించాను. క్యాలిపర్ పెట్టి కొలిస్తే అసలు దొంగ దొరికాడు: మొరాయించినవన్నీ పొడుగు కేసులే. కాల్చి సైజింగ్ (మళ్లీ పాత కొలతకు నొక్కడం) చేసేకొద్దీ ఇత్తడి సాగుతుంది. పొడుగు కేసు అంచు క్రింప్ డైకి (అంచుని బుల్లెట్ మీదికి ముడిచి బిగించే అచ్చుకి) ముందే తగిలి ముడుచుకుంటుంది. ఆపైన నొక్కిన ఒత్తిడంతా భుజం మీదే.

అన్నిటినీ 2.028 అంగుళాలకు ట్రిమ్ చేశాను. గరిష్ఠం 2.039. బుల్లెట్ కూర్చోబెట్టడం ఒకసారి, క్రింప్ విడిగా మరోసారి, అంచు సరిగ్గా బుల్లెట్ గాడిలో పడేలా. క్రింప్ మానేస్తే పోదా అంటే, తూటాలు ఒకదాని వెనక ఒకటి నిలిచే గొట్టం మ్యాగజైన్‌లో స్ప్రింగు తోపుకి బుల్లెట్ లోపలికి జారుతుంది. అన్నట్టు, ఇందులో సూదిమొన మామూలు బుల్లెట్లు వద్దు. మొన ముందున్న తూటా ప్రైమర్‌కి, అంటే దెబ్బ తగిలితే మందు అంటించే అడుగు భాగానికి, ఆనుతుంది. తుపాకి మందు మోతాదు మాన్యువల్‌లో ఉన్నదే, మార్చలేదు. ఉబ్బిన తూటాలను పుల్లర్‌తో విప్పేశాను.