ఉద్యోగంలో చేరకముందే దాతల సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం ఎలా

స్వచ్ఛంద సంస్థల్లో విరాళాల విభాగానికి వచ్చే ఉద్యోగ ప్రకటనల్లో ఒక షరతు తరచూ కనిపిస్తుంది: దాతల వివరాలు, విరాళాల లెక్కలు ఉంచే సాఫ్ట్‌వేర్, అంటే రెయిజర్స్ ఎడ్జ్ గానీ సేల్స్‌ఫోర్స్ గానీ వాడిన అనుభవం ఉండాలి. ఆ ఒక్క మాట చూసి వెనక్కి తగ్గే పిల్లలు చాలామంది. ఉద్యోగం ఉంటే తప్ప ఆ సాఫ్ట్‌వేర్ చేతికి రాదు, అది రాకపోతే ఉద్యోగం రాదు. అమీర్‌పేటలో సేల్స్‌ఫోర్స్ నేర్పేవాళ్లకు కొదవ లేదు గానీ, అక్కడ చెప్పేది ఎక్కువగా అమ్మకాల లెక్కన ఉంటుంది. దాత, రసీదు, 80జీ (విరాళానికి పన్ను మినహాయింపు ఇచ్చే సెక్షన్) అనే మాటలు అక్కడ వినిపించవు.

నేను సికింద్రాబాద్‌లో ఒక సంస్థలో దాతల రికార్డులు చూస్తాను. మా విభాగానికి మనుషుల్ని తీసుకునేటప్పుడు ఇంటర్వ్యూలో కూర్చునేదీ నేనే. అటువైపు కూర్చుని చూసినదాన్ని బట్టి చెబుతున్నాను: ఖరీదైన సాఫ్ట్‌వేర్ దొరక్కపోయినా, అందులో జరిగే పనంతా పైసా ఖర్చు లేకుండా ఇంట్లోనే నేర్చుకోవచ్చు. కాకపోతే మీరు సాధన చేసే డేటా మన దాతల డేటాలా ఉండాలి. పాఠాల్లో వచ్చే జాన్ స్మిత్‌తో సాధన చేస్తే మా ఆఫీసులో మొదటి వారమే టెన్షన్ పడతారు.

ముందు ఏది పట్టుకోవాలో చెబుతాను. రెయిజర్స్ ఎడ్జ్ బ్లాక్‌బాడ్ అనే అమెరికా కంపెనీది. అక్కడి యూనివర్సిటీలు, ఆసుపత్రులు, పెద్ద చారిటీలు ఎక్కువగా వాడతాయి. దాన్ని సంస్థలకే అమ్ముతారు, మనలాంటి ఒక్కరికి ఇవ్వరు. దాని సహాయ పేజీలు నెట్‌లో చదువుకోవచ్చు, ప్రస్తుతానికి అంత చాలు. సేల్స్‌ఫోర్స్ వాళ్ల ఆన్‌లైన్ పాఠాల సైట్ ట్రెయిల్‌హెడ్ ఉచితం, సాధనకు ప్లేగ్రౌండ్ అనే ఖాళీ సేల్స్‌ఫోర్స్ కూడా అందులోనే ఇస్తారు. స్వచ్ఛంద సంస్థల కోసం వాళ్లకు పాతది నాన్‌ప్రాఫిట్ సక్సెస్ ప్యాక్, 2023లో తెచ్చినది నాన్‌ప్రాఫిట్ క్లౌడ్. రెండూ వేర్వేరుగా పనిచేస్తాయి, కాబట్టి ప్రకటనలో ఏది అడిగారో చూసి చదవండి.

కానీ మొదలుపెట్టడానికి నేను చెప్పేది సివిసీఆర్‌ఎం. ఇది ఓపెన్ సోర్స్, స్వచ్ఛంద సంస్థల కోసమే పుట్టింది, లైసెన్స్ ఫీజు లేదు. వాళ్ల సైట్‌లో డెమో ఉంటుంది, ఒక సాయంత్రం దాన్ని అటూ ఇటూ తిప్పి చూడండి. అది అందరూ వాడే డెమో కాబట్టి అందులో మీరు పెట్టింది నిలవదు. తర్వాత మీ లాప్‌టాప్‌లో వర్డ్‌ప్రెస్ వేసుకుని, దాని మీద సివిసీఆర్‌ఎం పెట్టుకోండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఎర్రర్లు వస్తాయి. ఓపిగ్గా చదివి సరిచేసుకోండి, ఆ ఓపిక కూడా ఈ ఉద్యోగంలో పనికొస్తుంది.

ఒకదాంట్లో నేర్చింది ఇంకోదాంట్లో పనికొస్తుందా అంటే, తప్పకుండా. సివిసీఆర్‌ఎంలో కాంటాక్ట్ అన్నది రెయిజర్స్ ఎడ్జ్‌లో కాన్‌స్టిట్యుయెంట్. ఇక్కడ కాంట్రిబ్యూషన్, అక్కడ గిఫ్ట్. సక్సెస్ ప్యాక్‌లో అదే విరాళం ఆపర్చునిటీ అనే పేరుతో ఉంటుంది, డబ్బు చేతికొచ్చాక దాని దశ క్లోజ్డ్ వన్, అంటే పని ముగిసి గెలిచినట్టు. పేర్లు మారినా ప్రశ్నలు అవే: ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు, దేనికిచ్చారు, ఏ విన్నపం చూసి ఇచ్చారు. ఈ పేర్లన్నీ పక్కపక్కన రాసుకున్న కాగితం ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.

ఇక అసలు పని. ఎక్సెల్‌లో ఓ 200 మంది దాతల్ని కల్పించండి. నిజం మనుషుల పేర్లు, ఫోన్లు, పాన్ నంబర్లు ఎట్టి పరిస్థితిలోనూ వాడకండి, మీ బంధువులవైనా సరే. 2020లో బ్లాక్‌బాడ్ మీద రాన్సమ్‌వేర్ (డేటాకు తాళం వేసి డబ్బు అడిగే) దాడి జరిగి ఎన్నో సంస్థల దాతల వివరాలు బయటివాళ్ల చేతిలో పడ్డాయి. మనకూ 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. సాధన కోసం పాత ఆఫీసు ఫైలు తెచ్చి వాడానని చెప్పే అభ్యర్థిని నేనైతే తీసుకోను.

కల్పించిన డేటాలో కావాలనే చిక్కులు పెట్టండి. మొదటి చిక్కు పేర్లు. కె. శ్రీనివాసరావు అనే ఒకే మనిషి చెక్కు మీద ఇంటిపేరు పొడి అక్షరంతో ఉంటాడు, ఆన్‌లైన్ ఫారంలో ఇంటిపేరు చివర రాస్తాడు, యూపీఐలో ఉత్త శ్రీనివాస్ అని వస్తాడు. లక్ష్మి పేరును ఇంగ్లిషులో ఒకరు కేఎస్‌హెచ్‌తో రాస్తే ఇంకొకరు ఎక్స్‌తో రాస్తారు. అదే లక్ష్మి ఒక ఏడాది అలా, మరో ఏడాది ఇలా రాయడం కూడా మామూలే. కాబట్టి ఒకే మనిషిని మూడు రకాలుగా, ఒకే పేరున్న ఇద్దరు వేర్వేరు మనుషుల్ని, ఒకే ఫోన్ నంబర్ వాడే తండ్రీ కొడుకుల్ని మీ జాబితాలో పెట్టండి.

ఇప్పుడు ఆ జాబితాని సివిసీఆర్‌ఎంలోకి ఇంపోర్ట్ చేసి, డూప్లికేట్లు వెతికే చోటికి వెళ్లండి. అక్కడ రూల్ మీరే తయారుచేసుకోవచ్చు. ఈమెయిల్ కలిస్తే ఇన్ని మార్కులు, ఫోన్ కలిస్తే ఇన్ని, ఇంటిపేరు కలిస్తే ఇన్ని అని ఇస్తారు. మొత్తం మార్కులు ఒక హద్దు దాటితే ఆ రెండు రికార్డుల్నీ డూప్లికేట్‌గా చూపిస్తుంది. పేరుకి ఎక్కువ మార్కులు ఇచ్చి చూడండి, సంబంధం లేని శ్రీనివాసరావులంతా ఒకచోట చేరతారు. ఫోన్‌కి మాత్రమే ఇస్తే తండ్రీ కొడుకులు ఒకటైపోతారు. ఏ మార్కులకు ఏం జరిగిందో రాసుకుంటూ మార్చి మార్చి చూడండి. రికార్డులు కలిపే ముందు రెంటినీ పక్కపక్కన చూపిస్తుంది, ఏ చిరునామా ఉంచాలి, ఏది తీసేయాలి అని అడుగుతుంది. ఆ తెర ముందు తొందరపడకండి. తప్పుగా కలిపిన రికార్డుని మళ్లీ విడదీయడం చాలా కష్టం. తండ్రి ఇచ్చిన విరాళానికి కొడుకు పేరున రసీదు వెళితే ఆ ఇంటి నమ్మకం పోతుంది.

రెండోది కుటుంబాలు. సక్సెస్ ప్యాక్‌లో కొత్త దాతను చేర్చగానే వాళ్ల లాస్ట్ నేమ్‌తో ఒక హౌస్‌హోల్డ్ దానంతటదే తయారవుతుంది. లాస్ట్ నేమ్ గడిలో రావు అని కొడితే రావు హౌస్‌హోల్డ్. ఇక మీ డేటాబేస్ నిండా రావు హౌస్‌హోల్డ్‌లే, ఎవరిల్లు ఏదో తెలియదు. సెట్టింగ్స్‌లో ఆ పేరు ఎలా తయారవ్వాలో మార్చుకోవచ్చు. ఇంటిపేరు ఏ గడిలో రాయాలో ముందే ఒక నియమం పెట్టుకుని, మొదటి రికార్డు నుంచి చివరి దాకా అదే పాటించండి. మీ నియమం ఏమిటో, ఎందుకో ఇంటర్వ్యూలో చెప్పగలిగితే నేను వెంటనే నోట్ చేసుకుంటాను.

మూడోది మన దగ్గర మరీ ప్రత్యేకం. అమ్మ సంవత్సరీకం రోజున అన్నదానానికి డబ్బు పంపేవాళ్లు చాలామంది ఉంటారు. సాఫ్ట్‌వేర్‌కి తేదీ తెలుసు, తిథి తెలియదు. పోయినేడు నవంబర్‌లో ఏ తేదీన వచ్చిందో ఈ ఏడూ ఆ తేదీకే ఫోన్ చేస్తే, తిథి అప్పటికే దాటిపోయి ఉండొచ్చు. మాసం, పక్షం, తిథి కోసం విడిగా గడులు తయారుచేసి, ఏటా పంచాంగం చూసి ఆ ఏటి తేదీ నింపేలా ఏర్పాటు చేయండి. ఇలా మనం సొంతంగా చేర్చుకునే గడినే కస్టమ్ ఫీల్డ్ అంటారు, అదేమిటో దీనికన్నా బాగా ఏ పాఠమూ నేర్పదు. విరాళం ఎవరి జ్ఞాపకార్థమో చెప్పే సౌకర్యం సివిసీఆర్‌ఎంలో సాఫ్ట్ క్రెడిట్ (డబ్బిచ్చినవాళ్లు కాక వేరే మనిషి పేరును ఆ విరాళానికి జతచేయడం) కింద ముందే ఉంది. ఉద్యోగి ఇచ్చిన దానికి సమానంగా కంపెనీ కూడా ఇచ్చినప్పుడు, డబ్బు కంపెనీ పేరున, గుర్తింపు ఉద్యోగికి రాయడానికి కూడా సాఫ్ట్ క్రెడిటే వాడతారు.

నాలుగోది విదేశాల్లో ఉన్న మనవాళ్లు. డల్లాస్‌లో పక్కపక్క ఇళ్లలో ఉండే ఇద్దరు తెలుగువాళ్లు ఒకేరోజు డబ్బు పంపినా, లెక్క ఒకటి కాదు. ఒకరికి ఇంకా భారత పాస్‌పోర్టే ఉంటే, సొంత సంపాదన నుంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపింది ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద విదేశీ విరాళం కాదు. ఇంకొకరు అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, భారత సంతతి విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా అది విదేశీ విరాళమే. అలాంటి డబ్బు తీసుకోవడానికి సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు న్యూఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచ్ ఖాతాకే చేరాలి. అంటే దాత రికార్డులో దేశం గడి ఒక్కటే చాలదు, పౌరసత్వం గడి కూడా కావాలి. మీ 200 మందిలో ఇలాంటివాళ్లు ఓ పదిమంది ఉండాలి.

తర్వాత రసీదులు. 80జీ కింద దాతకు పన్ను మినహాయింపు రావాలంటే సంస్థ ఏటా విరాళాల వివరాలు ఆదాయపు పన్ను శాఖకు ఇవ్వాలి. 2021-22 ఆర్థిక సంవత్సరం నుంచి ఇది ఫారం 10బీడీలో, మే 31 లోపు జరుగుతోంది, దాతకు ఇచ్చే సర్టిఫికెట్ 10బీఈ. కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి కాబట్టి సెక్షన్లు, ఫారాల నంబర్లు పోర్టల్‌లో సరిచూసుకోండి. దాత పేరు, చిరునామా, గుర్తింపు నంబర్, మొత్తం, ఇచ్చిన పద్ధతి, విరాళం రకం అందులో పెట్టాలి. నగదుగా 2,000 రూపాయలు దాటితే మినహాయింపు ఉండదు. మీ కల్పిత డేటా నుంచి సరిగ్గా ఆ గడులతో ఒక ఎక్స్‌పోర్ట్ తీయండి. పాన్ లేని దాతలెవరు, నగదు దాతలెవరు అన్నది విడిగా తీయగలగాలి.

రిపోర్టుల్లో నేర్చుకోవలసిందల్లా ముందు ఒకటే: లైబంట్. పోయినేడు ఇచ్చి ఈ ఏడు ఇంకా ఇవ్వనివాళ్ల జాబితా అది. సివిసీఆర్‌ఎంలో ఆ పేరుతోనే రిపోర్ట్ దొరుకుతుంది. తీసేముందు సెట్టింగ్స్‌లో ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1 నుంచి అని మార్చండి. అక్కడ జనవరి ఉంటే, డిసెంబర్‌లో విరాళమిచ్చిన దాత జనవరి రాగానే పోయినేటి లెక్కలో పడతారు. అప్పుడే ఇచ్చిన మనిషికి ఫోన్ చేసి ఈసారి ఇవ్వలేదేం అని అడగాల్సిన పరిస్థితి వస్తుంది.

ఇంతవరకూ వచ్చాక నిజమైన పని వెతుక్కోండి. మీ బడి పూర్వ విద్యార్థుల సంఘం తరగతి గదుల కోసం చందాలు వసూలు చేస్తూ ఉండొచ్చు, మీ కాలనీ గుడి కమిటీ లెక్కలు వాట్సాప్‌లోనే ఉండొచ్చు. కార్యదర్శి గారిని అడిగి, రాతపూర్వకంగా అనుమతి తీసుకుని, వాళ్ల కంప్యూటర్లోనే ఆ జాబితా శుభ్రం చేసి ఇవ్వండి. ఫైలు మీ ఇంటికి తెచ్చుకోవద్దు. పని అయ్యాక ఆయన దగ్గర ఒక చిన్న ఉత్తరం అడగండి: ఎన్ని పేర్లు వచ్చాయి, ఎన్ని డూప్లికేట్లు తేలాయి, ఏం మారింది.

రెజ్యూమెలో రెయిజర్స్ ఎడ్జ్ తెలుసు అని రాయకండి, ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు. "సివిసీఆర్‌ఎంలో 200 కల్పిత రికార్డులతో డూప్లికేట్ రూల్స్, 10బీడీ ఎక్స్‌పోర్ట్, లైబంట్ రిపోర్ట్ చేశాను" అని రాయండి. కల్పిత డేటా స్క్రీన్‌షాట్లతో రెండు పేజీల ఫైలు వెంట తెచ్చుకోండి. సర్టిఫికెట్ల కట్ట కన్నా నేను ఆ రెండు పేజీలే ముందు చూస్తాను.

దరఖాస్తుకి మంచి కాలం జనవరి, ఫిబ్రవరి. మార్చి నెలాఖరుకి విరాళాలు ఒక్కసారిగా వచ్చిపడతాయి, ఏప్రిల్, మే నెలలు రసీదుల పనితో మాకు ఊపిరాడదు. ఆ మూడు నెలలకే తాత్కాలికంగా మనిషి కావాలా అని నేరుగా మెయిల్ పెట్టి అడగండి, ఆ రెండు పేజీలూ దానికి జతచేయండి.