ప్రాజెక్టు రిపోర్టుల సీజన్‌కు ముందే: వర్డ్ ఫైల్లో బొమ్మలు మాయం కాకుండా జాగ్రత్తలు

ఏప్రిల్ వచ్చిందంటే అనంతపురంలో డీటీపీ, బైండింగు షాపుల ముందర నిలబడను చోటుండదు. జేఎన్‌టీయూ ఫైనలియర్ పిల్లలు, ఎస్కేయూ (శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ) పీజీ వాళ్లు, ఊరి చుట్టూ ఉన్న ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీల వాళ్లు అందరూ ఒక్కసారే రిపోర్టులతో దిగుతారు. అప్పుడు ప్రతి షాపులో వినపడే మాట ఒకటుంది: "ఏమప్పా, మా ల్యాప్‌టాప్‌లో బాగుండె గదా, ఈడ బొమ్మలు యాడికి పోయినాయి?" షాపాయన వైరస్ అంటాడు. పిల్లోడు మీ సిస్టమ్ పాతది అంటాడు. చాలాసార్లు రెండూ కాదు.

ఈ తంటాలో రెండు రకాలున్నాయి. బొమ్మ ఫైల్లోనే సరిగా లేకపోవడం ఒకటి. ఫైల్లో బొమ్మ నిక్షేపంగా ఉన్నా, దాన్ని తెర మీద గీయాల్సిన గ్రాఫిక్స్ డ్రైవర్, అంటే గ్రాఫిక్స్ చిప్‌ను నడిపే సాఫ్ట్‌వేర్, తడబడటం రెండోది. ఏ రకమో తేల్చుకోకుండా సెట్టింగులు కెలికితే ఉన్నది కూడా పాడవుతుంది. తేల్చుకోవడం సులభం. ఫైల్‌ను పీడీఎఫ్‌గా సేవ్ చేసి, ఆ పీడీఎఫ్‌ను మీ ఫోన్‌లో తెరవండి. ఫోన్‌కు మీ సిస్టమ్ డ్రైవర్‌తో సంబంధం లేదు కాబట్టి అది చెప్పే సాక్ష్యం నమ్మొచ్చు. ఫోన్‌లో బొమ్మ ఉంటే ఫైలు మంచిదే, తప్పు తెరది. అక్కడా లేకపోతే డ్రైవర్‌ను తిట్టి లాభం లేదు.

డ్రైవర్ సంగతి నెల ముందే

అప్‌డేట్లన్నీ ఫిబ్రవరిలోనో మార్చి మొదట్లోనో పూర్తి చేసుకోండి. రీస్టార్ట్ చేసి, బొమ్మలు ఎక్కువున్న పాత రిపోర్టు ఒకటి తెరిచి పైనుంచి కిందికి తిప్పి చూడండి. అంతా బాగుంటే సిస్టమ్ రిస్టోర్ పాయింట్ (ఏదైనా చెడితే తిరిగి వెళ్లను గుర్తు) ఒకటి పెట్టుకొని, విండోస్ అప్‌డేట్ సెట్టింగులో పాజ్ నొక్కండి. కొన్ని వారాల వరకే ఆపుకోవచ్చు. శాశ్వతంగా ఆపమని మాత్రం నేను చెప్పను. నలుగురి పెన్‌డ్రైవులు గుచ్చే షాపు సిస్టమ్‌కు అది మంచిది కాదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసిందన్నది కూడా గుర్తుంచుకోండి.

డ్రైవర్ కావాలంటే ల్యాప్‌టాప్ వెనక ఉన్న మోడల్ నంబరుతో ఆ కంపెనీ సైట్లోనే వెతకండి. దించుకున్న ఫైలును పెన్‌డ్రైవ్‌లో దాచండి. "మీ డ్రైవర్లన్నీ ఒక్క క్లిక్కుతో" అని ఊరించే సాఫ్ట్‌వేర్ల జోలికి పోవద్దు. డివైస్ మేనేజర్‌లో (సిస్టమ్‌లోని భాగాల జాబితా చూపే విండోస్ కిటికీ) డిస్‌ప్లే అడాప్టర్స్ కింద ఏ పేరుందో ఇప్పుడే చూసి రాసి పెట్టుకోండి. అక్కడ మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని ఉందంటే అసలు డ్రైవర్ ఎక్కలేదని అర్థం.

తెర తప్పయితే

బొమ్మ ఉండాల్సిన చోట నల్ల డబ్బా, పేజీ కదిపితే కనపడి ఆపితే మాయమవడం, అక్షరాల మీద అక్షరాలు పేరుకోవడం: ఇవి డ్రైవర్ గుర్తులు. వర్డ్ తన పేజీని గీసే పనిని గ్రాఫిక్స్ చిప్‌కు అప్పగిస్తుంది. డ్రైవర్ సరిపడకపోతే ఆ పని అక్కడే చెడుతుంది. వర్డ్ 2016, 2019లో అయితే ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి, డిస్‌ప్లే భాగంలో డిజేబుల్ హార్డ్‌వేర్ గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ అన్న గడిలో టిక్ పెట్టి, వర్డ్ మూసి తెరవండి. సగం కేసులు ఇక్కడే తెగిపోతాయని నా అంచనా. కొత్త మైక్రోసాఫ్ట్ 365 వర్డ్‌లో ఆ గడి కనపడకపోవచ్చు. గేమింగ్ ల్యాప్‌టాప్ ఉన్న పిల్లలకు ఇంకో దారి ఉంది. వాటిలో ఇంటెల్‌దో ఏఎండీదో ఒక చిప్, విడిగా ఎన్విడియా కార్డు, రెండూ ఉంటాయి. విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్ కింద వర్డ్‌ను ఎంచుకొని పవర్ సేవింగ్ పెడితే వర్డ్ పని చిన్న చిప్‌కు పోతుంది. రిపోర్టు టైపు చేయడానికి ఎన్విడియా అక్కర్లేదు కదా.

లిబ్రేఆఫీస్ వాడేవాళ్లు టూల్స్, ఆప్షన్స్, లిబ్రేఆఫీస్, వ్యూ కింద ఫోర్స్ స్కియా సాఫ్ట్‌వేర్ రెండరింగ్ టిక్ పెట్టి మళ్లీ తెరవాలి.

షాపులో పది మంది నిలబడి ఉన్నప్పుడు తెర గడ్డకట్టిందా? విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగు కీలు కలిపి నొక్కండి. తెర ఒకసారి ఆరి వెలుగుతుంది. గ్రాఫిక్స్ డ్రైవర్ మాత్రమే తిరిగి మొదలవుతుంది, తెరిచిన ఫైళ్లు మూతపడవు. నిన్న మొన్న అప్‌డేట్ ఎక్కినప్పటి నుంచే తంటా అయితే డివైస్ మేనేజర్‌లో రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కి పాతదానికి వెళ్లొచ్చు. ఆ బటన్ మసకగా ఉంటే పాత డ్రైవర్ మిగల్లేదన్న మాట. పెన్‌డ్రైవ్‌లో దాచమన్నది అందుకే.

ఇంకో మాట. మన ఎండలకు, దుమ్ముకు ల్యాప్‌టాప్ ఫ్యాన్ పూడిపోయి చిప్ కాగిపోతుంది. వర్డ్‌లోనే కాక, సిస్టమ్ ఆన్ చేయగానే కంపెనీ లోగో మీద కూడా రంగురంగుల గీతలు వస్తున్నాయంటే అది సెట్టింగు పని కాదు, మెకానిక్ పని. సీజన్‌కు ముందే బ్లోయర్ కొట్టించండి.

ఫైలు తప్పయితే

రిపోర్టుకు లైన్ల మధ్య ఒకటిన్నర ఎడం పెట్టమంటారు. పిల్లలు ఎగ్జాక్ట్‌లీ అని ఎంచుకొని 18 పాయింట్లు కొడతారు. వరుసలో ఉన్న బొమ్మ ఆ 18 పాయింట్ల ఎత్తుకే తెగి, సన్న పట్టీలా అడుగు భాగం మాత్రమే కనపడుతుంది. బొమ్మ మీద కర్సర్ పెట్టి లైన్ స్పేసింగ్ సింగిల్ చేస్తే మొత్తం బయటపడుతుంది. ఎక్కువగా చూసేది ఇదే, అందరూ డ్రైవర్ మీదికి నెట్టేదీ దీన్నే.

ఎర్ర ఇంటూ గుర్తు వస్తే బొమ్మ ఫైల్లోకి రాలేదు, లింకు మాత్రమే వచ్చింది. బొమ్మ మీ ఇంటి సిస్టమ్ డి డ్రైవ్‌లోనే ఉండిపోయింది. ఇంటి దగ్గరే ఫైల్, ఇన్ఫోలోకి వెళ్లి ఎడిట్ లింక్స్ టు ఫైల్స్ తెరిచి, సేవ్ పిక్చర్ ఇన్ డాక్యుమెంట్ టిక్ చేయండి. వెబ్ పేజీ నుంచి నేరుగా కాపీ చేసి అతికించినా ఇలా కావచ్చు. బొమ్మను ముందు సేవ్ చేసి, ఇన్సర్ట్‌తో పెట్టడం క్షేమం.

బొమ్మ బదులు పూల బ్రాకెట్ల మధ్య ఇన్‌క్లూడ్‌పిక్చర్ అని ఏదో రాత కనపడితే కంగారు పడొద్దు, ఆల్ట్, ఎఫ్9 నొక్కండి. ఖాళీ చట్రాలే కనపడితే అడ్వాన్స్‌డ్‌లో షో పిక్చర్ ప్లేస్‌హోల్డర్స్ టిక్ తీయండి. డ్రాఫ్ట్ వ్యూలో ఉంటే ప్రింట్ లేఅవుట్‌కు మారండి.

మాట్‌ల్యాబ్ (లెక్కల సాఫ్ట్‌వేర్) గ్రాఫులను ఈపీఎస్ అనే రకం బొమ్మ ఫైళ్లుగా దాచుకున్నవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. భద్రత కోసం 2017 అప్‌డేట్లతో ఆఫీస్‌లో ఈపీఎస్ పెట్టడం ఆపేశారు. ఈఎంఎఫ్ గానో, 300 డీపీఐ పీఎన్‌జీ గానో సేవ్ చేసుకోండి. వెబ్‌పీ, ఐఫోన్ హెచ్‌ఈఐసీ బొమ్మలు కూడా పాత వర్డ్‌లో దిగవు, జేపెగ్ చేసుకొని రండి. ఫోటోలు వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంటుగా పంపితే నాణ్యత తగ్గదు.

వర్డ్ ఫైలు అసలే తెరుచుకోకపోయినా బొమ్మలు దక్కించుకోవచ్చు. డాక్స్ అంటే లోపల జిప్ ఫైలే. దానికి ఒక కాపీ తీసి, ఆ కాపీ చివర ఉన్న డాక్స్‌ను జిప్ అని మార్చి తెరిస్తే వర్డ్ ఫోల్డర్‌లో మీడియా అని ఉంటుంది. పెట్టిన బొమ్మలన్నీ అక్కడే వరుసగా ఉంటాయి.

అను ఫాంట్లతో పేజ్‌మేకర్ 7లో పెళ్లి పత్రికలు చేసే షాపుల వాళ్లకు: అది 2001 నాటి సాఫ్ట్‌వేర్. బొమ్మలు బూడిదరంగు డబ్బాలుగా కనపడితే ఫైల్, ప్రిఫరెన్సెస్, జనరల్‌లో గ్రాఫిక్స్ డిస్‌ప్లే గ్రే ఔట్ మీద ఉందేమో చూడండి. పెద్ద బొమ్మలు అందులో లింకుగానే ఉండొచ్చు కనుక పత్రికతో పాటు బొమ్మల ఫోల్డర్ కూడా కాపీ కావాలి.

ఇక వైవా రోజు. ప్రొజెక్టర్ తగిలించగానే బొమ్మలు మసకబారితే వర్డ్ ఆప్షన్స్, జనరల్‌లో మల్టిపుల్ డిస్‌ప్లేస్ దగ్గర ఆప్టిమైజ్ ఫర్ కంపాటిబిలిటీ ఎంచుకోండి. హెచ్‌ఓడీ ముందర కూర్చొని ఆ గడి వెతుక్కోవడం కంటే ముందు రోజు సాయంత్రం ఆ గది ప్రొజెక్టర్‌కే కలిపి చూసుకోండి. పీడీఎఫ్ ఒకటి ఫోన్‌లో, ఒకటి మెయిల్లో ఉంచుకోండి. బైండింగుకు ఇచ్చేది కూడా వర్డ్ ఫైలు కాదు, ఆ పీడీఎఫే.